పైకి చెప్పిన కారణం నాన్న ఆరోగ్యం: ఒక హెచ్-1బీ కుటుంబం తిరిగొచ్చిన కేసు

అమెరికా నుంచి తిరిగి వచ్చేద్దామనుకునే ఐటీ కుటుంబాలకు పన్నులు, పత్రాలు, తేదీల విషయంలో సలహా ఇచ్చేవాళ్ల కోణంలో రాసిన కేసు ఇది. ఇది ఒక్క కుటుంబానిది కాదు. మళ్లీ మళ్లీ ఎదురయ్యే పరిస్థితులను కలిపి కట్టిన నమూనా. కుటుంబ వివరాలు, వాళ్ల డబ్బు అంకెలు లెక్క ఎలా వేయాలో చూపడానికి పెట్టినవి. చట్టాలు, గడువులు, పరిమితులు మాత్రం ఉన్నవి ఉన్నట్టే. ఇండియా సెక్షన్, ఫారం నంబర్లు 1961 ఆదాయపు పన్ను చట్టం నాటివి. 2026 ఏప్రిల్ 1 నుంచి 2025 చట్టం వచ్చి నంబర్లు మారాయి, ఇక్కడ వాడిన రెసిడెన్సీ సూత్రాలు మారలేదు.

కుటుంబం

భర్తకు 41 ఏళ్లు, డేటా ఇంజినీరు. డాలస్ శివార్లలో సొంతిల్లు. ఎమ్మెస్ చేసి, 2013 అక్టోబరులో హెచ్-1బీ (యజమాని పిటిషన్ మీద ఇచ్చే ఉద్యోగ వీసా)లోకి మారారు. ఆరేళ్ల పరిమితి 2019లోనే అయిపోయింది. గ్రీన్ కార్డ్ (శాశ్వత నివాసం) కోసం యజమాని వేసే ఐ-140 పిటిషన్ అప్రూవ్ అయి ఉండటంతో మూడేసి ఏళ్ల పొడిగింపుల మీద నడుస్తోంది. గ్రీన్ కార్డ్ కేటగిరీ ఈబీ-2లో ప్రయారిటీ డేట్ (క్యూలో చోటు నిర్ణయించే తేదీ) 2016 నవంబరు. భార్యకు 38, టెస్టింగ్‌లో ఉద్యోగం, 2018 నుంచి హెచ్-4 ఈఏడీ (హెచ్-1బీ భాగస్వామికిచ్చే పని అనుమతి) మీద. పాపకు 12, ఏడో గ్రేడు. బాబుకు 7. ఇద్దరూ అక్కడే పుట్టారు కాబట్టి అమెరికా పౌరులు, ఓసీఐ (విదేశీ పౌరసత్వమున్న భారత సంతతివాళ్లకిచ్చే) కార్డులున్నాయి. భర్త తల్లిదండ్రులు హనుమకొండలో ఉంటారు. తండ్రికి 2023లో బైపాస్ అయింది.

2024 నవంబరులో వాళ్లు అడిగిన ప్రశ్న ఒక్కటే. "వచ్చే జూన్‌కల్లా హైదరాబాద్ వచ్చేయాలి, పన్ను తక్కువ పడేలా ఎలా రావాలి?" ఎందుకు వస్తున్నారని అడిగితే భర్త తడుముకోకుండా చెప్పిన జవాబు: "నాన్నకు బాగోలేదు."

కారణం, కుదుపు, గడువు

తిరిగి రావాలనే నిర్ణయంలో మూడు వేర్వేరు సంగతులు కలగాపులగంగా ఉంటాయి. ఏళ్ల తరబడి లోపల ఉన్న కారణం ఒకటి. మొన్నటికి మొన్న తగిలిన కుదుపు ఇంకొకటి. ఇక ఆ తేదీ దాటితే రావడం కష్టమయ్యే గడువు. జనం సాధారణంగా కుదుపునే కారణంగా చెప్తారు, ఎందుకంటే అది బంధువులకు చెప్పుకోవడానికి వీలైనది. తండ్రి ఆరోగ్యం అంటే ఎవరూ ఎదురు ప్రశ్న వేయరు. వీసాతో విసిగిపోయానంటే మాత్రం "అక్కడ నెగ్గుకు రాలేక వచ్చేశాడు" అంటారేమోనని భయం. అమెరికా నుంచి దక్షిణ ఇటలీకి తిరిగొచ్చిన వలసదారులను పరిశీలించిన ఫ్రాంచెస్కో చెరాజె 1974లో తిరిగిరాకను నాలుగు రకాలుగా విడగొట్టాడు: ఓడిపోయి రావడం, పాత జీవితం కోసం రావడం, విశ్రాంతికి రావడం, నేర్చుకున్నదానితో కొత్తగా ఏదైనా చేయడానికి రావడం. అందులో మొదటి ముద్ర పడకూడదనే మన వాళ్ల తాపత్రయమంతా.

ఈ మూడింటినీ విడదీయడానికి చేసే పని చిన్నదే. భార్యాభర్తలు ఒకరి కాగితం ఒకరు చూడకుండా తలా ఐదు కారణాలు రాయాలి. ప్రతి కారణం పక్కన, అది ఏ సంవత్సరంలో మొదలైందో రాయాలి. తర్వాత ఒక్కో కారణం మీద వేలు పెట్టి అడగాలి: ఇది రేపు పొద్దున్నే తీరిపోతే ఉండిపోతారా?

భర్త రాసినవి: నాన్న ఆరోగ్యం (2023), పిల్లలకు తెలుగు రాకపోవడం (2019), గ్రీన్ కార్డ్ (2017), లేఆఫ్ భయం (2022), హైదరాబాద్‌లో వాళ్ల కంపెనీ గ్లోబల్ సెంటర్ పెరగడం (2023). నాన్న పూర్తిగా కోలుకుంటే ఉండిపోతారా అంటే, "లేదు, అయినా వస్తాం." రేపే గ్రీన్ కార్డ్ వస్తే? కాసేపు మాట్లాడలేదు. "అప్పుడు వేరేలా ఆలోచిస్తాం" అన్నారు.

భార్య కాగితంలో మొదటి వాక్యం: "నా ఉద్యోగం ఆయన ఉద్యోగం మీద ఆధారపడి ఉంది." గ్రీన్ కార్డ్ వస్తే అన్న ప్రశ్నకు ఆవిడ, "వచ్చినా వెళ్దాం, ఇప్పటికే ఆలస్యమైంది" అన్నారు. నాన్న ఆరోగ్యం ఆవిడ జాబితాలో నాలుగోది. దాని పక్కన బ్రాకెట్లో చిన్నగా, "చూసుకోవాల్సింది నేనే కదా" అని ఉంది.

ఈ రెండు కాగితాలు పక్కపక్కన పెడితే కేసు అర్థమవుతుంది. నాన్న బైపాస్ కుదుపు. అసలు కారణం, ఇద్దరి జీవితం ఒక యజమాని ఇచ్చే ఒక్క కాగితం మీద నిలబడి ఉండటం. హెచ్-1బీలో ఉద్యోగం పోతే దొరికేది ఎక్కువలో ఎక్కువ 60 రోజుల గ్రేస్ పీరియడ్, అది కూడా 2017 జనవరి నుంచి వచ్చిన నిబంధన వల్ల. ఆ 60 రోజుల్లో కొత్త యజమాని పిటిషన్ వేయకపోతే ఇల్లు, కార్లు, ఇద్దరు పిల్లల బడి, భార్య ఈఏడీ అన్నీ ఒకేసారి కదులుతాయి. ఉద్యోగ ఆధారిత గ్రీన్ కార్డులు ఏడాదికి సుమారు 1,40,000, ఒక్కో దేశానికి 7 శాతం పరిమితి. 2025లో ఈబీ-2 ఇండియా తేదీ 2013 దగ్గరే తచ్చాడింది. 2016 నవంబరుకు అది ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరు.

జీతం ఈ ఇద్దరి జాబితాల్లోనూ లేదు. నైపుణ్యం ఉన్నవాళ్ల విషయంలో ఇది మామూలే. రావడానికి డబ్బు కారణం కాదు, రాకుండా ఆపడానికి మాత్రం అవుతుంది.

ఈ విడదీత ఎందుకంటే, కుదుపును చూసి వచ్చినవాళ్లు అది సద్దుమణగగానే వెనక్కి చూస్తారు. కారణం గుర్తించి వచ్చినవాళ్లకు ఆ సమస్య నిజంగా తీరిందో లేదో కొలుచుకునే వీలుంటుంది. ఈ కుటుంబానికి కొలమానం: రెండేళ్లలో ఇద్దరికీ ఎవరి ఉద్యోగం వాళ్లకు, ఒకరి మీద ఒకరు ఆధారపడకుండా ఉండాలి. నాన్న ఆరోగ్యం కొలమానం కాదు.

గడువులు

పాప బడి అసలైన గడువు. సీబీఎస్‌ఈలో తొమ్మిదో తరగతిలోనే బోర్డు రిజిస్ట్రేషన్ జరుగుతుంది, పదికి నేరుగా చేరడం చాలా కష్టం. కాబట్టి తొమ్మిది మొదలయ్యే సరికి లోపల ఉండాలి, ఎనిమిదిలో చేరితే ఒక ఏడాది ఊపిరి పీల్చుకోవచ్చు. 2025 మేలో ఏడో గ్రేడు పూర్తవుతుంది, జూన్‌లో ఎనిమిది. వాళ్లు చెప్పిన జూన్ తేదీ ఇక్కడి నుంచి వచ్చింది, నాన్న దగ్గర్నుంచి కాదు.

తెలుగు సంగతి కూడా ముందే చూసుకోవాలి. తెలంగాణలో 2018 చట్టం అన్ని బోర్డుల బడుల్లోనూ ఒకటి నుంచి పది వరకు తెలుగును తప్పనిసరి చేసింది. 2025-26 నుంచి సీబీఎస్‌ఈ వంటి బోర్డుల తొమ్మిదో తరగతికి 'వెన్నెల' అనే సులభ వాచకం పెట్టారు. మాట్లాడటం వచ్చి, చదవడం రాని పిల్లకు ఆర్నెల్ల ముందు నుంచి గుణింతాలు నేర్పితే సరిపోతుంది. బడిలో చేరాక మొదలుపెడితే మిగతా సబ్జెక్టుల బరువు మీద ఇదీ పడుతుంది.

డాక్టరు చదువు ఆలోచన ఉంటే ఓసీఐ కార్డు మీది తేదీ చూడాలి. 2021 మార్చి 4 నాటి కేంద్ర నోటిఫికేషన్ నీట్, జేఈఈ వంటి ప్రవేశాల్లో ఓసీఐలను ఎన్నారైలతో సమానం చేసింది. భారత పౌరులకు కేటాయించిన సీట్లకు వాళ్లు అర్హులు కారు. 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు దీన్ని వెనకటి కార్డుదారులకు వర్తింపజేయకూడదని చెప్పింది. పాప కార్డు 2014 నాటిది, ఇబ్బంది లేదు. బాబు కార్డు 2022లో తీసుకున్నారు, అతని సంగతి సమయం వచ్చినప్పుడు లాయరుకు చూపించుకోవాలి.

రోజుల లెక్క

వాళ్లు అడిగింది పన్ను గురించి కాబట్టి ఇది విడిగా వేశాం. ఏప్రిల్ నుంచి మార్చి వరకు ఒక ఆర్థిక సంవత్సరంలో ఇండియాలో 182 రోజులు లేదా అంతకంటే ఎక్కువ ఉంటే రెసిడెంట్. ఇంకో పరీక్ష ఉంది: ఆ ఏడాది 60 రోజులు, అంతకు ముందు నాలుగేళ్లలో 365 రోజులు ఉన్నా రెసిడెంటే. సెలవులకు వచ్చేవాళ్లకు ఈ 60 విషయంలో సడలింపు ఉంటుంది, స్థిరపడటానికి వచ్చేవాళ్లకు ఉండదు. ఇది చాలామంది పట్టించుకోరు. భర్త పాస్‌పోర్టు ముద్రల ప్రకారం ఆయన ఇండియాలో గడిపిన రోజులు: 2019-20లో 24, 2020-21లో సున్నా, తర్వాత వరసగా 38, 21, 30, 18. చివరి నాలుగేళ్లు కలిపితే 107. 365 దరిదాపుల్లో కూడా లేదు, కాబట్టి ఆయనకు 182 ఒక్కటే గీత.

రెసిడెంట్ అయినా కొంతకాలం 'నాట్ ఆర్డినరీ' హోదా ఉంటుంది, వ్యవహారంలో ఆర్‌ఎన్‌ఓఆర్ అంటారు. ఆ కాలంలో విదేశంలో వచ్చి విదేశంలోనే అందుకున్న ఆదాయం మీద ఇక్కడ పన్ను లేదు. దీనికి రెండు దారులు: అంతకు ముందు పదేళ్లలో తొమ్మిదేళ్లు నాన్ రెసిడెంట్ అయి ఉండటం, లేదా అంతకు ముందు ఏడేళ్లలో ఇండియాలో 729 రోజులకు మించకపోవడం. రెండిట్లో ఏ ఒక్కటి నెగ్గినా చాలు.

జూన్ 15న దిగితే: ఆ ఏడాది 290 రోజులు, రెసిడెంట్, కానీ ఆర్‌ఎన్‌ఓఆర్. 2026-27లో పదేళ్లలో తొమ్మిది సూత్రం ఇంకా పనిచేస్తుంది, మళ్లీ ఆర్‌ఎన్‌ఓఆర్. 2027-28కి ఆ సూత్రం పోతుంది. ఏడేళ్ల రోజులు చూస్తే 107 + 290 + 365 = 762. 729 దాటింది, హోదా పోయింది. అయితే 2026-27లో కంపెనీ పని మీద 33 రోజులు బయట ఉంటే లెక్క సరిగ్గా 729 దగ్గర ఆగి ఇంకో ఏడాది దక్కుతుంది. ఈ 33 మీద ఆధారపడి ప్లాను వేయకూడదు. ఒక్క రోజు తప్పినా కూలిపోతుంది, పైగా వచ్చిన రోజు, వెళ్లిన రోజు రెండూ ఇండియాలో ఉన్నట్టే లెక్కేసుకోవడం క్షేమం.

అక్టోబరు 2న దిగితే: మార్చి 31 వరకు 181 రోజులు. ఒక్కరోజు ముందు, అంటే అక్టోబరు 1న దిగితే 182. ఫిబ్రవరికి 29 రోజులున్న ఏడాది అయితే ఈ గీత అక్టోబరు 3కి జరుగుతుంది. 181తో 2025-26 నాన్ రెసిడెంట్, 2026-27, 2027-28 రెండూ ఆర్‌ఎన్‌ఓఆర్. అంటే 2028 మార్చి దాకా. జూన్‌తో పోలిస్తే నిండా ఒక సంవత్సరం ఎక్కువ.

చూడటానికి అక్టోబరే మేలు. కానీ ఆ అదనపు ఏడాది వల్ల ఈ కుటుంబానికి నిజంగా మిగిలేదెంతో చూస్తే పెద్దగా ఏమీ లేదు. షేర్లు అమ్ముకోవడానికి జూన్ దారిలో దొరికే కాలం కూడా సరిపోతుంది. అదనపు ఏడాదిలో మిగిలేది డివిడెండ్లు, బ్యాంకు వడ్డీ మీది పన్ను, ఒక ఏడాది తక్కువ ఫారాలు. పన్ను కోసం నాలుగు నెలలు కుటుంబాన్ని విడదీయమని మేం చెప్పలేదు. చివరికి భార్యాపిల్లలు జూన్‌లో వచ్చి, భర్త అక్టోబరు దాకా ఆగింది వేరే లెక్కల వల్ల: సెప్టెంబరులో 38,000 డాలర్ల విలువైన కంపెనీ షేర్లు (ఆర్‌ఎస్‌యూలు) ఆయన పేరుకు రావాలి, ఇంటి అమ్మకం ఆగస్టులో ముగియాలి, హైదరాబాద్ ట్రాన్స్‌ఫర్ తేదీ కంపెనీ అక్టోబరుగా నిర్ణయించింది. భార్య రెసిడెన్సీ ఆవిడది ఆవిడదే, భర్తతో సంబంధం లేదు. ఆవిడ జూన్ నుంచి రెసిడెంట్, ఆర్‌ఎన్‌ఓఆర్.

ఇల్లు, షేర్లు, 401(కె)

ఇల్లు అద్దెకిచ్చి రావాలని భర్త అనుకున్నారు, 2021లో 3 శాతానికి దొరికిన లోను వదులుకోవడం ఇష్టం లేక. వద్దన్నాం. అమ్మకానికి ముందు అయిదేళ్లలో రెండేళ్లు సొంతదై, తాము నివసించిన ఇల్లు అమ్మితే దంపతులకు 5,00,000 డాలర్ల లాభం వరకు అమెరికాలో పన్ను ఉండదు. వచ్చేసి అద్దెకిస్తే మూడేళ్లలో ఆ వెసులుబాటు కరిగిపోతుంది. పైగా నాన్ రెసిడెంట్‌గా అమ్మితే, విదేశీయుల స్థిరాస్తి అమ్మకాలకు ఉన్న అమెరికా చట్టం ఫిర్ప్టా కింద కొనేవాడు సాధారణంగా అమ్మకం ధరలో 15 శాతం కోసి పన్ను శాఖకు కడతాడు. అది రిటర్ను వేసి తెచ్చుకోవాలి. ఖాళీ చేసిన ఇంటికి పైకప్పు రిపేరొస్తే హైదరాబాద్ నుంచి ఎవరు చూస్తారన్న ప్రశ్న దగ్గర ఆయన ఒప్పుకున్నారు.

షేర్ల దగ్గర జాగ్రత్త ఎక్కువ కావాలి. బ్రోకరేజీలో 2,60,000 డాలర్లు, అందులో లాభం 1,10,000. అమెరికాలో రెసిడెంట్‌గా అమ్మితే దీర్ఘకాలిక లాభం మీద 15 శాతం, అంటే 16,500 డాలర్లు. ఇక్కడ ఆర్డినరీ రెసిడెంట్ అయ్యాక అమ్మితే 12.5 శాతం, ఆ పైన సర్‌చార్జి, సెస్సు. ఈ రెండింటి మధ్య ఒక సందు ఉంది: అమెరికాకు నాన్ రెసిడెంట్ అయి, ఇండియాలో ఇంకా ఆర్డినరీ కాని కాలం. అప్పుడు షేర్ల లాభం మీద రెండు చోట్లా పన్ను పడదు. షరతులు మూడు. బ్రోకరుకు డబ్ల్యూ-8బెన్ (అమెరికా రెసిడెంటును కాదని చెప్పే ఫారం) ఇవ్వాలి. డబ్బు ముందు అమెరికా ఖాతాలో పడాలి, నేరుగా ఇండియా ఖాతాలోకి కాదు. మూడోది చాలామంది చూడనిది: దేశం విడిచిన క్యాలెండరు సంవత్సరంలోనే అమ్మకూడదు. ఆ ఏడాది అమెరికాలో 183 రోజులు దాటి ఉంటే నాన్ రెసిడెంటు లాభం మీద కూడా 30 శాతం పన్ను వివాదం తలెత్తవచ్చు. జనవరి 1 దాటనివ్వాలి. ఈ కేసులో ఆ సందు 2026 జనవరి నుంచి 2028 మార్చి వరకు.

షేర్లు అమ్మకుండా అలాగే ఉంచుకుంటే ఇంకో ముప్పు. అమెరికాలో నివాసం లేని విదేశీయుడు చనిపోతే అక్కడి ఆస్తుల్లో 60,000 డాలర్లకు మించినదాని మీద ఎస్టేట్ పన్ను పడుతుంది, రేటు 40 శాతం దాకా. ఇండియాతో ఈ విషయంలో ఒప్పందం లేదు. తిరిగొచ్చిన ఇళ్లలో ఇది తెలిసినవాళ్లు అరుదు. 'అమ్మి, మళ్లీ అవే కొంటే కొత్త ధర నమోదవుతుంది' అనే చిట్కా లాభం పన్నుకు పనికొస్తుంది, ఎస్టేట్ పన్నుకు పనికిరాదు.

అమెరికా ఉద్యోగ విరమణ పొదుపు ఖాతా 401(కె)ను కదిలించలేదు. 59½ ఏళ్లలోపు తీస్తే 10 శాతం జరిమానా, నాన్ రెసిడెంటుకు సాధారణంగా 30 శాతం ముందస్తు కోత. ఆర్డినరీ రెసిడెంట్ అయిన మొదటి ఏడాది, ఇక్కడ 2028-29, రిటర్ను గడువులోపు ఫారం 10-ఈఈ వేసి సెక్షన్ 89ఏ ఎంచుకోవాలి. అప్పుడు ఖాతాలో ఏటా పెరిగిన మొత్తం మీద కాక, తీసుకున్నప్పుడే ఇక్కడ పన్ను. అమెరికా, బ్రిటన్, కెనడా ఖాతాలకు మాత్రమే ఇది ఉంది. ఒకసారి ఎంచుకుంటే వెనక్కి తీసుకోలేరు. అదే ఏడాది నుంచి రిటర్నులోని షెడ్యూల్ ఎఫ్‌ఏలో విదేశీ ఆస్తులన్నీ చూపాలి. చూపకపోతే బ్లాక్ మనీ చట్టం కింద 10 లక్షల రూపాయల జరిమానా. 2024 అక్టోబరు నుంచి, స్థిరాస్తి కాని ఆస్తులు మొత్తం 20 లక్షలు దాటకపోతే ఈ జరిమానా లేదు. 401(కె) ఒక్కటే ఆ గీత దాటేస్తుంది.

సోషల్ సెక్యూరిటీ: రెండు దేశాల మధ్య ఒప్పందం లేదు. పింఛను అర్హతకు 40 క్రెడిట్లు, ఏడాదికి నాలుగే. భర్తకు దాటాయి. భార్యకు సుమారు 28. ఆవిడ కట్టింది ప్రస్తుతానికి పోయినట్టే.

జీతం లెక్క డాలరు రేటుతో గుణించి చూడకూడదు. హైదరాబాద్ ఆఫరు 72 లక్షల స్థూల జీతం. కొత్త విధానంలో ప్రామాణిక మినహాయింపు పోగా 71.25 లక్షల మీద పన్ను 17.175 లక్షలు, 10 శాతం సర్‌చార్జి, 4 శాతం సెస్సుతో 19.65 లక్షలు. పీఎఫ్‌కు ముందు నెలకు 4.36 లక్షలు చేతికి. ఇద్దరు పిల్లల ఫీజులు, అద్దె, నాన్న మందులు తీసేశాక నెలకు ఎంత మిగులుతుంది, డాలస్‌లో ఎంత మిగిలేది అన్న రెండు అంకెలే పోల్చాలి. ఇక్కడ మిగులు సుమారు సగానికి తగ్గింది. ఆ తగ్గుదలకు వాళ్లు కళ్లు తెరిచి ఒప్పుకున్నారు.

అనుకోనివి

ఆగస్టులో తండ్రికి ఇన్ఫెక్షన్ వచ్చి ఆసుపత్రిలో చేర్చారు. భర్త టికెట్టు పట్టుకుని వచ్చి, వచ్చిన రోజు, వెళ్లిన రోజు కలిపి తొమ్మిది రోజులు ఉండి వెళ్లారు. రావాల్సిన ప్రయాణమే, రోజుల లెక్కకు భయపడి ఆపమనేది లేదు. కానీ ఆ తొమ్మిదీ అదే ఆర్థిక సంవత్సరంలో పడ్డాయి. అక్టోబరు 2కి టికెట్టు అలాగే ఉంచితే 190 రోజులవుతాయి. ట్రాన్స్‌ఫర్ తేదీ జరపడానికి కంపెనీ ఒప్పుకుంది కాబట్టి టికెట్టు అక్టోబరు 11కి మార్చాం: 172 + 9 = 181.

సెప్టెంబరు 19న అమెరికా అధ్యక్ష ప్రకటన వచ్చింది. 21 నుంచి, దేశం బయట ఉన్నవాళ్ల కోసం వేసే కొత్త హెచ్-1బీ పిటిషన్లకు 1,00,000 డాలర్లు కట్టాలి, తొలుత 12 నెలల పాటు. భార్యాపిల్లలు అప్పటికే మూడు నెలలుగా ఇక్కడ ఉన్నారు. అప్పటిదాకా భర్త మనసులో, బయటికి చెప్పకపోయినా, 'కుదరకపోతే ఏడాదిలో వెనక్కి వెళ్లొచ్చు' అన్న లెక్క ఉంది. ఐ-140 అప్రూవ్ అయింది కాబట్టి ప్రయారిటీ డేట్ ఆయనదే, అది పోదు. కానీ హైదరాబాద్ జీతంలోకి మారాక పాత పిటిషన్ కంపెనీ వెనక్కి తీసుకుంటుంది. వెనక్కి వెళ్లాలంటే కొత్త పిటిషనే, ఆ ఫీజు ఎవరు కడతారు? ఆ వారం ఆయన ఆగిపోదామని రెండుసార్లు అన్నారు. మొదటి నెల రాసుకున్న రెండు కాగితాలు మళ్లీ బయటికి తీశాం. ఒకే యజమాని కాగితం మీద బతకడం ఇష్టం లేదని అందులో ఉంది, ఈ ప్రకటన ఆ సమస్యను ఇంకా పెంచింది. ఇంకో దారి కూడా ఉంది: 21 ఏళ్లు నిండాక పాప అక్కడ నివాసం ఉంటే తల్లిదండ్రులకు స్పాన్సర్ చేయగలదు, ఆ కేటగిరీకి క్యూ లేదు. అది 2033 తర్వాతి మాట.

బ్రోకరేజీ ఖాతా మరో చిక్కు. చిరునామా ఇండియాకి మార్చగానే కొన్ని సంస్థలు కొత్త కొనుగోళ్లు ఆపేస్తాయి, కొన్ని ఖాతానే మూసుకోమంటాయి. బయల్దేరడానికి కనీసం 90 రోజుల ముందు ఫోన్ చేసి, విదేశీ చిరునామాతో ఏమేమి అనుమతిస్తారో రాతపూర్వకంగా తీసుకోవాలి. ఇక్కడ అది ఆలస్యమైంది, అమెరికా ఫోన్ నంబరు రద్దయ్యాక ఓటీపీ రాక మూడు వారాలు తిప్పలు పడ్డారు. ఆ నంబరును తక్కువ ఖర్చు ప్లానులోకి మార్చి కనీసం రెండేళ్లు బతికించుకోవాలి. ప్రవాసుల బ్యాంకు ఖాతాలైన ఎన్‌ఆర్‌ఈ, ఎన్‌ఆర్‌ఓలది ఇంకో లెక్క: ఫెమా (విదేశీ మారక చట్టం)లో రోజులు కావు, స్థిరపడే ఉద్దేశంతో దిగిన రోజే ముఖ్యం. ఆ రోజు నుంచి ఎన్‌ఆర్‌ఈ డిపాజిట్ వడ్డీకి మినహాయింపు ఉండదు. బ్యాంకుకు చెప్పి రెసిడెంట్ ఖాతాగానో, ఆర్‌ఎఫ్‌సీ (రెసిడెంట్ల విదేశీ కరెన్సీ ఖాతా)గానో మార్పించుకోవాలి.

అందరికంటే పెద్ద ఎదురుదెబ్బ పన్నులకు సంబంధం లేనిది. తల్లిదండ్రులు హైదరాబాద్ రామన్నారు. హనుమకొండలో డాక్టరు తెలుసు, వీధి తెలుసు, గుడి తెలుసు, పదమూడో అంతస్తు ఫ్లాటులో తలుపేసుకుని కూర్చోలేమన్నారు. దాదాపు 145 కిలోమీటర్లు, కారులో మూడు గంటలు. నాన్న కోసమని వచ్చిన కొడుకు నాన్న దగ్గర లేడు. వచ్చాక చూసుకుందాంలే అని ఈ మాట ముందే పెద్దవాళ్లను అడగకపోవడం చాలా ఇళ్లలో జరిగేదే. కొడుకు వస్తున్నాడన్న సంతోషంలో వాళ్లూ పెదవి విప్పరు. వ్యవహారం చివరికి ఇలా సర్దుకుంది: హనుమకొండలో పగటి పూట చూసుకోవడానికి నెల జీతం మీద ఒక మనిషి, నెలలో రెండు శనాదివారాలు కొడుకు, మందుల జాబితా, ఈసీజీలు, డిశ్చార్జి సమ్మరీ ఉన్న ఒక ఫైలు ఫ్రిజ్ పక్కన, దాని ఫొటోలు కుటుంబ వాట్సాప్ గ్రూపులో. కోడలు వెళ్లి ఉండి చూసుకోవాలన్న మాట రాకుండా ముందే అడ్డుకట్ట వేయాల్సి వచ్చింది. ఆవిడ కాగితంలో బ్రాకెట్లో రాసిన వాక్యాన్ని పట్టించుకోకపోతే, తిరిగి రావడానికి ఆవిడకున్న అసలు కారణమే దెబ్బతినేది.

ప్రస్తుతం

2026 మార్చి 31 నాటికి భర్త ఇండియా రోజులు 181, నాన్ రెసిడెంట్. అమెరికా వైపు 2025కి డ్యూయల్ స్టేటస్ (ఏడాదిలో కొంత రెసిడెంటు, కొంత నాన్ రెసిడెంటు) రిటర్ను: 1040-ఎన్‌ఆర్, దానికి అక్టోబరు దాకా లెక్కలతో 1040 జత. షేర్లలో మూడింట రెండు వంతులు జనవరి, ఫిబ్రవరిల్లో అమ్మారు. మిగతావి కంపెనీ షేర్లు, ధర పెరుగుతుందని అట్టే పెట్టుకున్నారు. ఎస్టేట్ పన్ను ముప్పు ఆ మేరకు ఇంకా ఉంది, చెప్పాం. భార్య నవంబరులో వేరే కంపెనీలో చేరారు. విదేశం నుంచి వచ్చి వెంటనే చేరగలిగినవాళ్లకు ఇక్కడ కలిసొచ్చేది, 60 నుంచి 90 రోజుల నోటీసు పీరియడ్ అడ్డం లేకపోవడం. జీతం డాలస్‌లో వచ్చినదానికి చాలా తక్కువ, పేరు మాత్రం ఆవిడ సొంతం. పాప తెలుగు పరీక్షలో గట్టెక్కింది, సోషల్‌లో మార్కులు తక్కువ. జవాబులు పేజీల కొద్దీ రాయడం అలవాటు లేకపోవడమే కారణం.

మిగిలిన పని: భర్త 2025-26 రిటర్ను నాన్ రెసిడెంటుగా వేయడం, 2027-28 చివరి దాకా ప్రతి ప్రయాణం తేదీ షీటులో రాసుకోవడం, 2027 డిసెంబరులోపు మిగతా షేర్ల మీద నిర్ణయం తీసుకోవడం. 2028 మార్చి దాకా సమయం ఉన్నా డిసెంబరు అనడం ఎందుకంటే, ఆఖరి నెలల్లో బ్రోకరేజీ బదిలీలు ఆలస్యమైతే ఏప్రిల్ 1 దాటిపోతుంది.